శివారు భూమికి నీరు, శివారు బిడ్డకు శాస్త్రవిద్య

కృష్ణ కాలువల క్రింద సేద్యము చేయు మనకు ఒక సంగతిని వేరెవ్వరును బోధింపనక్కరలేదు. బ్యారేజి వద్ద నీరు నిండుగా నున్నంత మాత్రమున శివారు భూమి తడియదు. పెద్ద కాలువ పారవలెను, పిల్ల కాలువ పారవలెను, తూము తెఱవవలెను, తుదకు బోదెలో పూడిక తీసి మడి వఱకు దారి చేయవలెను. ఈ వరుసలో ఏ యొక్క చోట అడ్డు తగిలినను, పైనున్న నీరు లెక్కలో నీరే గాని పొలములో నీరు కాదు. నాగాయలంక, కోడూరు ప్రాంతముల రైతులకు ఇది బాగుగా తెలిసిన కష్టము.

గణితము, భౌతిక రసాయన శాస్త్రములు, జీవశాస్త్రము, ఇంజనీరింగు అను పై చదువుల విషయమున మన గ్రామముల బీద పిల్లల స్థితియు సరిగా ఇట్లే యున్నది. పైన నీరు లేదని నేడెవ్వరును అనజాలరు. కళాశాలలు ఉన్నవి, విద్యార్థి వేతనములు ఉన్నవి, ప్రత్యేక స్థానములు ఉన్నవి. లేనిది బోదె. ఆ బోదె త్రవ్వు పనిని మన సహకార సంఘములు తలకెత్తుకొనవలెనని ఈ నెల సభ్యులకు విన్నవించుచున్నాము.

శివారు బిడ్డ యనగా నెవరో ముందుగా చెప్పుట మంచిది. సొంత భూమి లేని కౌలు రైతు బిడ్డ; నాటునకును కోతకును పోవు కూలి తల్లి బిడ్డ; దళితవాడలోని బిడ్డ; కాలువ గట్టున గుడిసె వేసికొన్న యానాది బిడ్డ; దివిసీమలో వల వేయు మత్స్యకారుని బిడ్డ; పెడన మగ్గము మీద బ్రతుకు నేతగాని బిడ్డ; మఱియు ఏ కులమున బుట్టినను, పదవ తరగతి కాగానే ఇంక చాలుననిపించుకొను ఆడపిల్ల. తాత తండ్రులలో కళాశాల మెట్టెక్కినవారు లేని యిండ్లు ఇవి. పై చదువుల జాబితాలలో ఈ యిండ్ల పేర్లు తక్కువగా కనబడుటకు పిల్లల బుద్ధి కొఱవడుట కారణము కాదు. కారణము మధ్యదారిలో నున్నది.

మన సీమ శాస్త్రవిద్యకు క్రొత్తది కాదు. బందరులో రాబర్టు నోబుల్ 1843లో స్థాపించిన పాఠశాల తరువాత నోబుల్ కళాశాల యయినది. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు కలిసి ఆ పట్టణముననే ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, పుస్తకముల చదువుతోబాటు చేతిపనులను నేర్పిరి. 1926లో బందరున వెలసిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ విజ్ఞాన పరికరములను తయారుచేసెను. అది 1983లో భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థలో కలిసినది. 1909లో ఆగిరిపల్లిలో జన్మించి, గుడివాడలో పాఠశాల చదువు ముగించిన సూరి భగవంతముగారు చంద్రశేఖర వేంకట రామన్ గారికడ పరిశోధన చేసి, బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థకు 1957 నుండి 1962 వఱకు డైరెక్టరుగా పనిచేసి, తరువాత దేశ రక్షణ శాఖకు శాస్త్ర సలహాదారులైరి. నల్లరేగడి నేలలో వరి మాత్రమే పండునని అనుకొనువారు ఈ చరిత్రను జ్ఞప్తి యందుంచుకొనవలెను.

నేడు శాస్త్రవిద్య నడుగు పనులును మన గడపకే వచ్చుచున్నవి. నిమ్మలూరులో భారత్ ఎలక్ట్రానిక్సు వారి రాత్రిచూపు పరికరముల కర్మాగారమును 2025లో జాతికి అంకితము చేసిరి. నాగాయలంక వద్ద క్షిపణి పరీక్షా కేంద్రమునకు 2025 మే నెలలో శంకుస్థాపన జరిగినది. బందరు ఓడరేవు పనులు 2023లో ప్రారంభమైనవి. ఈ మూడును కూచిపూడి నుండి బస్సులో పోయి రాదగిన దూరమున నున్నవే. అచ్చట కంచె కావలికి, మట్టి మోతకు మన బిడ్డలు పనికివచ్చుదురని మాకు సందేహము లేదు. లోపల బల్లవద్ద కూర్చుండి లెక్క వేయువారిలో, యంత్రమును సరిచేయువారిలో మన శివారు బిడ్డలు ఎందఱుందురు? ప్రశ్న ఇది. దీనికి సమాధానము ఇప్పుడు ఎనిమిదవ తరగతిలో కూర్చున్న పిల్లల చేతిలో నున్నది. వారి చేయి పట్టుకొను పెద్దల చేతిలో నున్నది.

ఇక పై కాలువలో నీరెంత యున్నదో చూతము. బీద పల్లెపిల్లల కొఱకు గురుకుల పాఠశాలలు పెట్టు పద్ధతి 1971లో నల్లగొండ జిల్లా సర్వేలుతో మొదలైనది. మన ప్రక్కనే నిమ్మకూరులో గురుకుల విద్యాలయము, జూనియరు కళాశాలయు నున్నవి. 1986లో ఆరంభమైన నవోదయ విద్యాలయములలో నూటికి డెబ్బదియైదు స్థానములకు తక్కువ గాకుండ పల్లెటూరి పిల్లలకే కేటాయింతురు. మన ప్రాంతపు నవోదయము వేలేరులో నున్నది. ఎనిమిదవ తరగతిలో జాతీయ ఉపకార వేతన పరీక్ష యొకటి కలదు. కుటుంబపు సంవత్సరాదాయము 3,50,000 రూపాయలు మించని, ప్రభుత్వ, స్థానిక సంస్థల, సహాయక పాఠశాలల పిల్లలు దీనికి కూర్చుండవచ్చును. నెగ్గినవారికి తొమ్మిది నుండి పండ్రెండవ తరగతి వఱకు ఏటా 12,000 రూపాయలు లభించును. నాలుగేండ్లకు 48,000 రూపాయలు! ఒక కూలి కుటుంబమునకు ఇది బిడ్డను బడి మానిపింపకుండ నిలుపునంతటి ధనము.

అన్నిటికంటె ముఖ్యమైనది నూజివీడు. 2008లో అప్పటి మన జిల్లాలోని నూజివీడులోను, ఇడుపులపాయలోను, బాసరలోను రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము విద్యాలయములను తెఱచినది. దీని యేర్పాటులో నున్న ఆలోచనను సభ్యులు గమనింపవలెను. ఇంజనీరింగులో చేరుటకు పండ్రెండవ తరగతి తరువాత పోటీ పరీక్ష వ్రాయుట సాధారణ పద్ధతి. ఆ రెండేండ్లలో పట్టణపు ప్రైవేటు కళాశాలలకు లక్షలు చెల్లించి శిక్షణ పొందినవానికిని, పల్లెలో నున్న బీదవానికిని మధ్య దూరము పెరుగుచు పోవును. కావున ఈ విశ్వవిద్యాలయము పదవ తరగతి మార్కులను బట్టియే పిల్లలను చేర్చుకొని, రెండేండ్ల ముందు చదువును, నాలుగేండ్ల ఇంజనీరింగును ఒక్కచోటనే ఆఱేండ్లు చెప్పును. అంతేగాక, వసతి లేని ప్రభుత్వ పాఠశాలలలో చదివిన పిల్లలకు వారి వెనుకబాటును గుర్తించి నూటికి నాలుగు వంతులు అదనముగా కలుపును. దూరము ఎచ్చట పెరుగుచున్నదో కనుగొని, అంతకు ముందే తూము పెట్టిరన్నమాట.

ఈ విశ్వవిద్యాలయ స్థాపనలో తోడ్పడిన రాజ్ రెడ్డిగారు చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో ఒక రైతు కుటుంబమున జన్మించినవారు. ఆ యింట కళాశాల చదువు చదివిన మొదటివారు వారే. మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, అమెరికాకు పోయి, యంత్రములకు మాటను గ్రహించు శక్తి నిచ్చు పరిశోధనలు చేసి, 1994లో కంప్యూటరు శాస్త్రమున అత్యున్నతమగు ట్యూరింగ్ బహుమానమును మఱొకరితో కలిసి పొందిరి. ఇట్టివారిని చూచి, బుద్ధి యున్నవాడు ఎట్లైనను పైకి వచ్చునని కొందఱందురు. ఆ మాట మేమొప్పుకొనము. గట్టు మీద పడిన గింజయు ఒక్కొక్కప్పుడు మొలచును. అంత మాత్రమున గట్టు మీద నారు పోయువాడు లేడు గదా!

ఇప్పుడు నీరు ఎచ్చట ఆగుచున్నదో చూతము. మూడు చోట్ల ఆగుచున్నది.

మొదటిది నారుమడి. ఆఱు నుండి పదవ తరగతి వఱకు గల చదువే శాస్త్రవిద్యకు నారు. భిన్నములు, నిష్పత్తులు, నూటికింత యను లెక్కలు, ధన ఋణ చిహ్నములు, చిన్న సమీకరణములు చేతికి పట్టనివాడు ఇంటర్మీడియేటులో కలనగణితము ముందు నిలువలేడు. కాని జవాబులను కంఠస్థము చేసి పదవ తరగతి దాటిపోవచ్చును. అట్లు దాటిన పిల్లవానికి లోపము అప్పుడు తెలియదు. ఏడాది తరువాత, కాపాడువారు లేని చోట తెలియును. కూచిపూడివారికి ఈ సంగతి చెప్పనేల? అడుగులు, జతులు చిన్ననాడే కాళ్లకు పట్టవలెను గాని, భామాకలాపము కట్టిన నాటి రాత్రి నేర్వ శక్యము కాదు.

రెండవది భాష. పల్లెపిల్ల వేగము, త్వరణము, బలము అని ఇంట బడిలో విన్నది; పై చదువులో అదే సంగతి వెలాసిటీ, యాక్సిలరేషన్, ఫోర్సు అని ఎదురగును. విషయము తెలిసియు మాట తెలియక, తనకే తెలియదని యనుకొని బిడ్డ మౌనము వహించును. ఎదుటెదుటి పుటలలో తెలుగు, ఇంగ్లీషు రెండును అచ్చు వేసిన పాఠ్యపుస్తకములు మన పాఠశాలలకు వచ్చినవి. మంచి సాధనమే. కాని రెండు పుటలను కలిపి చదివించి, ఈ మాటకు ఆ మాట యని నోట పలికించువారుండవలెను.

మూడవది వార్తయు, చేతి సొమ్మును. దరఖాస్తు గడువు ఏ నాటితో ముగియునో, కుల ధ్రువపత్రము, ఆదాయ ధ్రువపత్రము ఎప్పుడు సిద్ధము చేసికొనవలెనో, పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్ మూడేండ్ల డిప్లొమా చదివి, మఱొక పరీక్ష ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో చేరు దారి యొకటి కలదనియు, ఉద్యోగస్థుల యిండ్లలో భోజనపు వేళ మాటలలోనే పిల్లలకు తెలిసిపోవును. కూలి యింటికి ఆ వార్త రాదు. వచ్చినప్పటికి గడువు దాటును. స్థానము దొరికినను, ప్రయాణమునకు, వసతిగృహపు ముందస్తు సొమ్మునకు, పుస్తకములకు వారము రోజులలో కొన్ని వేలు కావలసి యుండును. ఫీజు తరువాత ప్రభుత్వమిచ్చుననుట నిజమే కావచ్చును. ఆ వారము గడచుటెట్లు? అప్పుడే వడ్డీవ్యాపారి గుమ్మము కనబడును. లేదా చదువు ఆగును.

ఈ మూడు అడ్డులలో ఏ ఒక్కటియు మహా పర్వతము కాదు. మూడును పూడిక వంటివి. పూడిక తీయుటకు గ్రామస్థులు కలిసి పార పట్టిన చాలును.

కలిసి యను మాటను మేము ఊరక వాడలేదు. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్కిలీ కళాశాలలో 1970 దశకపు చివర యూరీ ట్రైస్మన్ అను గణితోపాధ్యాయుడు ఒక సంగతిని పరిశీలించెను. నల్లజాతి విద్యార్థులు, తమ పాఠశాలలలో మంచి పేరు తెచ్చుకొని వచ్చినవారే, కలనగణితములో తప్పిపోవుచుండిరి. వారికి శ్రద్ధ లేదని కొందఱు, ఇంట ప్రోత్సాహము లేదని కొందఱు, డబ్బు లేక యని కొందఱు ఉపాధ్యాయులు చెప్పుచుండిరి. ఆయన పిల్లల గదులకు పోయి వారు చదువు తీరును కన్నులార చూచెను. పై కారణములేవియు నిలువలేదు. చైనా సంతతి విద్యార్థులు ఎవరి పాఠము వారు చదివికొని, పిమ్మట గుంపుగా కూర్చుండి ఒకరి లెక్క ఒకరు దిద్దుకొనుచుండిరి. నల్లజాతి పిల్లలు శ్రద్ధతోనే చదువుచుండిరి గాని, ఒంటరిగా చదువుచుండిరి. తమ తప్పు తమ యొక్కరిదే యని తలచి లోలోన క్రుంగుచుండిరి.

అందుపై ఆయన ఒక అభ్యాస మండలిని ఏర్పఱచెను. వెనుకబడినవారని చెప్పి తేలిక పాఠములు పెట్టలేదు. కష్టమైన లెక్కలనే యిచ్చి, కలిసి సాధింపుడని కూర్చుండబెట్టెను. ఆ మండలిలో చేరిన విద్యార్థులు ఎంతో మెఱుగైన ఫలితములు పొందిరి. ఆ పద్ధతి తరువాత అనేక విశ్వవిద్యాలయములకు వ్యాపించినది. ఒంటరిగా మునుగువారు కలిసి తేలుదురను ఈ సూత్రమును మన రైతులు పరపతి సంఘము పెట్టిన నాడే గ్రహించియున్నారు. ఒక్కొక్క రైతు విడివిడిగా అప్పునకు పోయినప్పుడు వాని మాటకు విలువ లేదు. పదుగురు కలిసి పూచీ పడినప్పుడు బ్యాంకు తలుపు తెఱచినది. చదువునకును అదే న్యాయము వర్తించును.

కలిసి సాధించు లెక్క యెట్లుండునో మన గిడ్డంగి నుండియే ఒక ఉదాహరణ చూపెదము. కొనుగోలు కేంద్రములో ధాన్యమునకు తేమ నూటికి 17 మించరాదను నియమము సభ్యులెఱుగుదురు. తేమ 20 గల నూఱు కిలోల ధాన్యమును 17కు ఆరబెట్టినచో తూకము ఎంత తగ్గును? మూడు కిలోలని పెక్కురు తడుముకొనక చెప్పుదురు. పిల్లల మండలిలోను ఒకరట్లే చెప్పుదురు. మఱొక బిడ్డ అడ్డు చెప్పును: ఎండబెట్టినప్పుడు నీరు పోవును గాని గింజ పోదు గదా! నూఱు కిలోలలో నీరు 20, గింజ 80. ఆరిన పిదప ఆ 80 కిలోలే మొత్తములో నూటికి 83 వంతులు కావలెను. 80ని 83తో భాగించి నూటితో హెచ్చింపగా 96 కిలోల 386 గ్రాములు వచ్చును. తగ్గినది మూడు కిలోలు కాదు. మూడు కిలోల ఆఱువందల గ్రాములకు పైమాట. ఇరువది అయిదు క్వింటాళ్ల ధాన్యము మీద ఈ యెక్కువ తేడాయే పదునైదు కిలోల పైగా నగును.

ఈ లెక్కలో పదవ తరగతి గణితమునకు మించినది లేదు. కాని దీనిని తానై కనుగొన్న బిడ్డకు నిష్పత్తి యనగా నేమో ఇక మఱపు రాదు. రసాయన శాస్త్రమునకు దివిసీమ చౌడు నేల చాలును: పాలచౌడు మంచినీటితో కడిగిన తగ్గును, కారుచౌడునకు జిప్సము వేయవలెను, ఏలయనగా జిప్సములోని కాల్షియము మట్టిని పట్టియున్న సోడియమును తొలగించును. జీవశాస్త్రమునకు రొయ్యల చెరువు చాలును: తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు ఏల తగ్గునో, గాలి యంత్రములు ఏల తిరుగవలెనో తెలిసిన బిడ్డకు కిరణజన్య సంయోగక్రియ పుస్తకపు మాటగా నుండదు. మన పిల్లలకు శాస్త్రము దూరము కాదు. శాస్త్రపు నడుమ పెరుగుచు, దానికి ఆ పేరని తెలియక యున్నారు.

కావున ప్రతి సంఘమును ఈ క్రింది పనులను పూనుకొనవచ్చునని మా సూచన.

మొదటిది, చదువు గది. ధాన్యము కదలిన పిదప గిడ్డంగిలో ఖాళీ చోటు గాని, కార్యాలయపు వసారా గాని, దీపము, పంఖా, నల్లబల్ల, నాలుగు చాపలు వేసి సాయంకాలము రెండు గంటలు తెఱచియుంచవలెను. ఒంటి గది యింటిలో, ఒక్క దీపము క్రింద, వంటయు చదువును కలిసి సాగు బిడ్డకు నిశ్శబ్దముగల చోటే సగము చదువు.

రెండవది, అభ్యాస మండలులు. ఎనిమిదవ తరగతి నుండి ఇంటర్మీడియేటు వఱకు, అయిదాఱుగురు పిల్లలకు ఒక మండలి. ప్రతి వాడ నుండియు పిల్లలు రావలెను. ఒక వాడ పిల్లలే ఒక మూల కూర్చుండు పద్ధతి పనికిరాదు. ఊరిలోని డిగ్రీ విద్యార్థులు, విశ్రాంత ఉపాధ్యాయులు, కర్మాగారములలో పనిచేసి వచ్చినవారు వారమునకు ఒక సాయంకాలము ఇచ్చినను చాలును. వారు పాఠము ఉపన్యసింపనక్కరలేదు. మంచి లెక్క యొకటి ఇచ్చి, పిల్లల మాట వినవలెను. తెలుగు మాటయు ఇంగ్లీషు మాటయు ఎదురెదురుగా గోడ మీద వ్రాయించుచుండవలెను. ఆడపిల్లలు తప్పక వచ్చునట్లు ఒక తల్లి ఆ సమయమున అచ్చట నుండుటయు, చీకటి పడిన పిదప వారిని ఇండ్లకు చేర్చుటయు సంఘము బాధ్యతగా నుండవలెను. ఈ యేర్పాటు లేనిచో ఆడపిల్లలకు తలుపు తెఱచితిమనుట పేరునకే యగును.

మూడవది, వార్తాఫలకము. ఎరువు ధరలు వ్రాయు పలక ప్రక్కనే మఱొక పలక మీద ఉపకార వేతన పరీక్ష, నవోదయ పరీక్ష, గురుకుల ప్రవేశము, పాలిటెక్నిక్, నూజివీడు ప్రవేశము, వీని గడువులను ముందుగా వ్రాయవలెను. కార్యదర్శిగారు పదవ తరగతి పిల్లల పేర్ల పట్టికను ఉంచుకొని, ఎవరి ధ్రువపత్రము సిద్ధమైనదో, ఎవరిది కాలేదో నెలకొకసారి విచారింపవలెను. పంట రుణపు వాయిదాను గుర్తుచేయు శ్రద్ధలో పదవ వంతు చాలును.

నాలుగవది, ప్రవేశపు చేబదులు. స్థానము దొరికిన బిడ్డకు, భూమి తాకట్టు అడుగక, ఇద్దఱు సభ్యుల పూచీ మీద, ప్రయాణమునకును వసతికిని కొలది సొమ్ము తక్కువ వడ్డీకి ఇచ్చుట. ఉపనిబంధనలు అనుమతించునేమో చూచి, అవసరమైనచో మహాజన సభలో సవరణ తేవలెను. కౌలు రైతులను, కూలీలను సభ్యులుగా చేర్చుకొనుటకును ఇదే తగిన సందర్భము.

అయిదవది, కన్నులార చూచుట. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రమునకు ఏటికొకసారి పిల్లలను తీసికొనిపోయి, తమ పొలపు మట్టిని తామే పరీక్ష చేయించుకొని రమ్మనవలెను. శాస్త్రజ్ఞుడనగా మనవంటి మనిషియే యని, మన మట్టిని చేత పట్టుకొని చూచువాడని బిడ్డకు తెలియుట చిన్న లాభము కాదు.

దీనికి వచ్చు ఆక్షేపణలను మేమెఱుగుదుము. ఇది ప్రభుత్వము చేయవలసిన పని యందురు. నిజమే, పాఠశాలలో ఉపాధ్యాయుడు లేనిచో అడిగి తెప్పించుకొనుట మన హక్కు, మండలి యున్నదని ఆ హక్కును విడువరాదు. కాని బ్యారేజి ప్రభుత్వము కట్టినను, మన మడి గట్టు మనమే వేసికొనుచున్నాము.

రైతు సొమ్ముతో కూలి బిడ్డను చదివించుటేల యని మఱికొందఱు లోలోన అనుకొందురు. దీనికి దాపఱికము లేక సమాధానము చెప్పవలెను. సంఘపు గిడ్డంగిలో మూటలు మోసినది, సభ్యుల పొలములలో నాటు వేసినది ఆ బిడ్డ తల్లిదండ్రులే. మన లాభములో వారి చెమట యున్నది. అదిగాక, కలవారి పిల్లలు పట్టణములకు పోయిన పిమ్మట ఊరి బడిలో మిగిలినవారు వీరే. ఈ ఊరి రేపటి తెలివి యంతయు వీరి తలలలోనే యున్నది.

అందఱును కళాశాలకు పోయినచో సేద్యమెవరు చేయుదురని ఇంకొక ప్రశ్న. తేమ లెక్క తెలియని సేద్యము ఎవరికి లాభమో పైన చూచితిమి. పొలమున నిలిచిపోవు బిడ్డకును ఈ చదువు వృథా కాదు. అందఱును ఇంజనీర్లు కావలెనని మేమనుట లేదు. కాదలచుకొన్న బిడ్డకు, పుట్టిన యిల్లు అడ్డు కారాదని మాత్రమే అనుచున్నాము. అట్లే ర్యాంకుల వేటను గ్రామమునకు తెచ్చి, పసివారిని నిద్ర లేకుండ చేయు పద్ధతిని మేము కోరము. మండలి పనిని ర్యాంకులతో కొలువరాదు. సైన్సు తీసికొన్న పిల్లలలో రెండవ యేడు వఱకు నిలిచినవారెందఱు, మధ్యలో మానినవారెందఱు, మానినవారి యింటికి ఎవరైన పోయి అడిగిరా, ఇవి కొలతలు.

చదువు సహకారమునకు బయటి పని యనువారికి తుది మాట. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున బీద నేతగాండ్రును ఇతర పనివాండ్రును పెట్టిన దుకాణమే నేటి సహకారోద్యమమునకు మూలమని లోకమెఱుగును. వారు పదేండ్లు గడచునప్పటికి తమ మిగులులో నూటికి రెండున్నర వంతు విద్యకు వేఱుగా తీయవలెనని నియమము చేసికొని, పుస్తకములు, పఠన మందిరము ఏర్పఱచుకొనిరి. తాము పస్తులెఱిగినవారయ్యు ఆ పని చేసిరి. అంతర్జాతీయ సహకార సమాఖ్య 1995లో ప్రకటించిన ఏడు సూత్రములలో విద్య యొకటి. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వచ్చినది. నూట ఇరువది యేండ్లు దాటినవి. అప్పిచ్చుటలో, ఎరువు తెచ్చుటలో మనమెంతో నేర్చితిమి. విద్య యను సూత్రము మాత్రము పెక్కుచోట్ల పుస్తకమునందే యున్నది.

రాబోవు మహాజన సభలో ప్రతి సంఘమును మూడు సంగతులను చర్చకు పెట్టవలెనని కోరుచున్నాము: చదువు గదికి చోటు ఎచ్చట, నికర లాభములో విద్యకు ఎంత వంతు, ప్రవేశపు చేబదులునకు ఏ నియమములు. తీర్మానము చేసిన పిదప బాధ్యతను ఒక పురుష సభ్యునికి, ఒక స్త్రీ సభ్యురాలికి పేరు పెట్టి అప్పగింపవలెను. పేరు లేని బాధ్యత పూడిన బోదె వంటిది.

నారు వయసు మీఱినచో నాటి ప్రయోజనము లేదని రైతునకు తెలియును. ఎనిమిదవ తరగతి బిడ్డ మన తీర్మానము కొఱకు ఎనిమిదవ తరగతిలోనే ఆగియుండదు. సభ్యులు ఆలస్యము చేయక ఆలోచింతురు గాక.